పగడాలకు పరాన్నజీవులు పట్టినప్పుడు: డిప్, మందు, కోత, చేప, వీటిలో ఏది ఎప్పుడు?

అక్వేరియంలో కొమ్మలుగా పెరిగే అక్రోపోరా పగడం రంగు వెలిసి, మొదలు దగ్గర తెల్లబడగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ డిప్ (పగడాన్ని కొద్దిసేపు ముంచి తీసే మందు నీరు) మంచిది? నాలుగైదు సీసాల పేర్లు పక్కపక్కన పెట్టి, వాటిలో మేలైనది తెలుసుకుంటే పని అయిపోతుందని అనుకుంటారు. ఆ పోలిక ఎంత జాగ్రత్తగా చేసినా పెద్దగా అక్కరకు రాదు. దొరికే డిప్‌లలో చాలావరకు తిరిగే పురుగును చంపుతాయి, లేదా కనీసం పగడం మీద పట్టు వదిలేలా చేస్తాయి. గుడ్డును మాత్రం ఏ డిప్పూ నమ్మకంగా చంపదు. పైకి శుభ్రంగా కనిపించిన పగడం రెండు మూడు వారాల తర్వాత మళ్లీ పాలిపోవడానికి కారణం ఎక్కువ సార్లు ఇదే.

అందుకని చికిత్స ఎంచుకునే ముందు మూడు సంగతులు తేలాలి. పట్టింది ఏ జీవి? దాని గుడ్లు ఎక్కడ ఉంటాయి, ఎన్నాళ్లకు పొదుగుతాయి? ఆ పగడాన్ని ట్యాంకు నుంచి బయటికి తీయగలమా, లేక రాతికి అతుక్కుపోయిందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ సీసా కొనాలన్నది చిన్న విషయమైపోతుంది.

అసలు పురుగేనా?

రంగు తగ్గిన ప్రతి పగడానికీ పురుగు పట్టినట్టు కాదు. ఆల్కలినిటీ, అంటే నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా అక్రోపోరా మొదలు నుంచి చర్మం వదిలేస్తుంది. కొత్త లైటు పెట్టినప్పుడు, నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు దాదాపు సున్నాకు పడిపోయినప్పుడు కూడా పాలిపోతుంది. కొన్ని గంటల్లోనే కొమ్మ మొత్తం చర్మం ఊడిపోతుంటే అది సాధారణంగా పురుగు పని కాదు. పురుగు చేసే నష్టం రోజులు, వారాల మీద పెరుగుతూ పోతుంది. నీటిలో లోపం ఉన్నప్పుడు డిప్ చేస్తే, అసలే నీరసించిన పగడాన్ని మరో దెబ్బ కొట్టినట్టవుతుంది. మొదట నీటి పరీక్ష, తర్వాత భూతద్దం, ఆ తర్వాతే మందు.

పరీక్షించే పద్ధతి సులభం. ట్యాంకు నీరే ఒక తెల్లని గిన్నెలో తీసుకుని, అనుమానం ఉన్న ముక్కను అందులో పెట్టి, రబ్బరు బుడ్డి ఉన్న పిప్పెట్‌తో కొమ్మల మధ్యకు గట్టిగా నీరు చిమ్మాలి. రాలినవి తెల్లని అడుగు మీద స్పష్టంగా కనిపిస్తాయి. ట్యాంకులోని నీలి వెలుతురు కింద చూస్తే ఏమీ తెలియదు. తెల్లని లైటు కావాలి. ఫోను కెమెరాకు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఫొటోను పెద్దది చేసి తీరుబడిగా చూసుకోవచ్చు.

గిన్నెలో కదిలినదల్లా శత్రువు కాదు. యాంఫిపాడ్లు, సాధారణ కోపిపాడ్లు (రెండూ రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు), ఒంటి నిండా నూగు ఉండే చిన్న బ్రిస్టిల్ వార్మ్‌లు, సన్నని చేతుల నక్షత్రాల్లాంటి బ్రిటిల్ స్టార్లు పగడాన్ని తినేవి కావు. చచ్చిన కణజాలం దగ్గర బ్రిస్టిల్ వార్మ్ కనిపిస్తే, అది ఆ చావుకు కారణం కాదు, మిగిలినది శుభ్రం చేయడానికి వచ్చింది. ట్రపీజియా జాతి పీతలైతే కొమ్మల మధ్య కాపురం ఉంటూ ఆ పగడాన్నే కాపాడతాయి. డిప్ వీటిని కూడా చంపుతుంది. కాబట్టి గిన్నెలో మంచి పీత కనిపిస్తే ముందు దాన్ని వేరే నీటిలోకి మార్చి, తర్వాతే మందు కలపండి.

ఇక అసలు శత్రువులు. అక్రోపోరాను తినే చదును పురుగు, అంటే ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరే, పగడం మీద ఉన్నప్పుడు దాదాపు కనిపించదు. తిన్న పగడంలోని రంగు శైవలాలు దాని ఒంట్లోనే కనిపిస్తుంటాయి కనుక ఆ కొమ్మ రంగులోనే కలిసిపోతుంది. పురుగుకంటే అది వదిలిన గుర్తులే ముందు కంట పడతాయి: కొమ్మ నీడ వైపున, మొదలు దగ్గర చిన్న గుండ్రని పాలిపోయిన కాట్లు. రెడ్ బగ్స్ అనే టెగాస్టెస్ అక్రోపోరానస్ పురుగు కాదు, అర మిల్లీమీటరు ఉండే కోపిపాడ్. పసుపు ఒంటి మీద ఎర్రని చుక్క ఉంటుంది. నున్నని చర్మం ఉన్న అక్రోపోరా మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఇది పట్టిన పగడం వెంటనే చావదు. పాలిప్‌లు (పగడంలోని పువ్వుల్లాంటి చిన్న జీవులు) ముడుచుకుని, రంగు మొద్దుబారి, నెలల తరబడి ఎదుగుదల లేకుండా ఉండిపోతుంది. పలకలుగా పెరిగే మాంటిపోరా పగడాన్ని తినేది కొన్ని మిల్లీమీటర్ల తెల్లని న్యూడిబ్రాంక్, అంటే పెంకు లేని సముద్రపు నత్త. పగలు పలక అడుగున దాక్కుని, రాత్రి అంచు నుంచి తింటూ లోపలికి వస్తుంది. గుత్తులుగా పెరిగే మెత్తని జోయాంథస్‌ను తినే న్యూడిబ్రాంక్ తిన్న పాలిప్ రంగునే ఒంటికి తెచ్చుకుంటుంది. పొడవాటి మెత్తని స్పర్శకాలుండే యూఫిల్లియా పగడంలో గోధుమ రంగు జిగురు కారుతుంటే అది పూర్తిగా వేరే కథ. దాని గురించి చివర్లో చెబుతాను.

డిప్‌ల మధ్య తేడా

అయోడిన్ డిప్, అంటే లూగోల్ ద్రావణం, నా లెక్కలో పురుగుల మందు కాదు. అది గాయానికి రాసే క్రిమినాశిని లాంటిది. కోసిన చోట, కణజాలం ఊడిన అంచు మీద బ్యాక్టీరియా చేరకుండా చూడటానికి బాగా పనికొస్తుంది. చదును పురుగు మీద మాత్రం దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. అయినా ఒక సీసా ఇంట్లో ఉండటం మంచిది, ఎందుకంటే కోత తర్వాత దీని అవసరం పడుతుంది.

మొక్కల నూనెలు, సారాలతో చేసినవి రెండో రకం. కోరల్ ఆర్‌ఎక్స్, రివైవ్ వంటివి ఈ కోవకు చెందుతాయి. చదును పురుగులు, న్యూడిబ్రాంక్‌లు వీటిలో మెలికలు తిరిగి రాలిపోతాయి. ఎక్కువ రకాల పగడాలు వీటిని తట్టుకుంటాయి. లేబుల్ మీద ఉన్న కొలత, సమయం పాటిస్తే ప్రమాదం తక్కువ. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఈ రకమే. రాలిన పురుగుల్లో కొన్ని చావకుండా సొమ్మసిల్లి ఉంటాయి కాబట్టి, డిప్ జరుగుతున్నంతసేపూ పిప్పెట్‌తో నీరు చిమ్ముతూ ఉండాలి. మందులో పెట్టి పక్కకు వెళ్లిపోతే సగం పనే అవుతుంది.

మూడోది తోటల్లో వాడే పురుగుమందు. ఇమిడాక్లోప్రిడ్, సైఫ్లూత్రిన్ కలిసిన, బేయర్ పేరుతో వచ్చిన మందును పగడాలు పెంచేవారు ఏళ్లుగా డిప్‌గా వాడుతున్నారు. రెడ్ బగ్స్ మీద, చదును పురుగుల మీద దాని బలం నిజమే. కానీ అది అక్వేరియం కోసం తయారైనది కాదు, లేబుల్ మీద అలాంటి వాడకమూ ఉండదు. ఒకే పేరుతో వేర్వేరు గాఢతల్లో, వేర్వేరు మిశ్రమాల్లో దొరుకుతుంది కనుక ఇంకొకరు చెప్పిన మిల్లీలీటర్ల లెక్క మీ చేతిలోని సీసాకు సరిపోతుందన్న హామీ లేదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. డిప్ తర్వాత పగడాన్ని రెండు మూడు వేర్వేరు గిన్నెల శుభ్రమైన ఉప్పునీటిలో వరసగా కడగాలి, ఎందుకంటే కాస్త మందు ప్రధాన ట్యాంకులో పడినా రొయ్యలు, పీతలు, కోపిపాడ్లు చచ్చిపోతాయి. మిగిలిన నీటిని చెరువులు, కాలువల్లో కలిసేలా పారబోయకూడదు. ఆ మందు నీటిలోని కీటకాలకు, రొయ్యలకు అతి చిన్న మోతాదులోనే ప్రాణాంతకం. మొక్కల సారంతో పని జరిగే చోట దీని జోలికి వెళ్లడం అనవసరమని నా గట్టి అభిప్రాయం. పెద్ద సంఖ్యలో అక్రోపోరా ముక్కలను రెడ్ బగ్స్ నుంచి శుభ్రం చేయాల్సి వస్తే మాత్రమే దీని గురించి ఆలోచించవచ్చు.

పొటాషియం క్లోరైడ్ ఉప్పు డిప్ గురించి తక్కువగా మాట్లాడుకుంటారు గానీ అది గట్టిదే. నీటిలో పొటాషియం ఒక్కసారిగా పెరిగేసరికి పురుగు పట్టు తప్పి వదిలేస్తుంది. చంపడం దీని గొప్ప కాదు, రాల్చడం గొప్ప. హైడ్రోజన్ పెరాక్సైడ్ జోయాంథస్ మీద పెరిగిన నాచుకు పనికొస్తుంది, అక్రోపోరా మీద వద్దు. మంచినీటి డిప్ కూడా అంతే: జోయాంథస్ కొద్దిసేపు ఓర్చుకుంటుంది, అక్రోపోరా ఓర్చుకోదు.

ఏది ఎంచుకున్నా కొన్ని సంగతులు మారవు. డిప్ నీరు మీ ట్యాంకు నుంచే తీసుకోవాలి, అదే వేడి, అదే ఉప్పదనం ఉండాలి. కొత్త రకం పగడమైతే ముందు ఒక చిన్న ముక్క మీద ప్రయత్నించి ఒక రోజు ఆగి చూడాలి. రెండు మందులను ఒకే గిన్నెలో కలపకూడదు. సముద్ర పుష్పాలకు (సీ అనిమోన్లకు), క్లామ్ ఆల్చిప్పలకు ఈ డిప్‌లు పనికిరావు.

గుడ్డును ఎలా ఎదుర్కోవాలి?

ఎంపికలో అసలు చిక్కు ఇక్కడే. చదును పురుగు బతికున్న చర్మం మీద గుడ్లు పెట్టదు. చర్మం లేని ఎముక మీద, అంటే మొదలు దగ్గర, ప్లగ్ (ముక్కను అతికించి నిలబెట్టే చిన్న దిమ్మ) అంచున, చచ్చిన కొమ్మ సందులో బంగారు గోధుమ రంగు చుక్కలుగా గుంపులుగా పెడుతుంది. ఆ అలవాటే మనకు దొరికిన మంచి అవకాశం, ఎందుకంటే గుడ్లు ఉన్న చోటు పగడానికి అవసరం లేని చోటు. కోసి పారేయవచ్చు.

నా దృష్టిలో చదును పురుగుకు అన్నిటికంటే మంచి చికిత్స కటింగ్ ప్లయర్‌లో ఉంది. డిప్ అయిన వెంటనే మొదలును, చర్మం లేని భాగాన్ని పూర్తిగా కత్తిరించి, పాత ప్లగ్‌ను పారేసి, ఆరోగ్యంగా ఉన్న కొమ్మను కొత్త ప్లగ్ మీద సూపర్‌గ్లూ జెల్‌తో నిలబెట్టాలి. కోసిన చోటును కొద్దిసేపు అయోడిన్‌లో ముంచితే గాయం శుభ్రంగా ఉంటుంది. పెద్ద పగడాన్ని ముక్కలు చేయడానికి మనసు ఒప్పుకోదు, అది నాకు తెలుసు. ఏళ్లు పెంచిన గుబురును కోయడం బాధే. కానీ గుడ్లు ఉన్న మొదలును అలాగే ఉంచి నెల రోజుల పాటు వారం వారం డిప్ చేస్తే, ఆ గుబురుకు జరిగే హాని కోతకంటే తక్కువేమీ కాదు.

కోత సాధ్యం కానప్పుడు గుడ్లను గీకి తీయాలి. మెత్తని టూత్‌బ్రష్, చిన్న స్కాల్పెల్ సరిపోతాయి. గీకడం ట్యాంకు నీటిలో కాకుండా గిన్నెలోనే జరగాలి. గీకిన చోట సూపర్‌గ్లూ జెల్ పూస్తే కంటికి దొరకని గుడ్లు కూడా దాని కింద సమాధి అవుతాయి.

మాంటిపోరా న్యూడిబ్రాంక్ విషయంలో కోత అంత లాభం ఇవ్వదు. దాని గుడ్లు పలకల అడుగున, మడతల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఏ భాగం కోయాలో తెలియదు. ఇక్కడ పదే పదే డిప్ చేయడమే మార్గం. పలకను చిన్న, చదునైన ముక్కలుగా చేసుకుంటే అడుగు భాగం కనిపిస్తుంది, పని తేలికవుతుంది. రాళ్ల మడతల్లోకి చుట్టుకుపోయిన పెద్ద మాంటిపోరాను పూర్తిగా శుభ్రం చేయగలమని ఆశ పెట్టుకోవద్దు.

డిప్‌లను ఎన్ని రోజులకొకసారి, ఎన్ని వారాలు చేయాలన్న లెక్క ఇప్పుడు సులువు. రెండు డిప్‌ల మధ్య విరామం, పొదిగిన పిల్ల పెరిగి మళ్లీ గుడ్లు పెట్టే సమయం కంటే తక్కువ ఉండాలి. మొత్తం చికిత్స కాలం, చిట్టచివరి గుడ్డు పొదగడానికి పట్టే సమయం కంటే ఎక్కువ ఉండాలి. చదును పురుగు గుడ్లు మామూలు రీఫ్ ట్యాంకు వేడిలో రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. చల్లదనం పెరిగితే ఇంకా ఆలస్యమవుతుంది. అందువల్ల వారానికి ఒక డిప్ చొప్పున ఐదారు వారాలు సాగించాలి. న్యూడిబ్రాంక్ గుడ్లు ఇంతకంటే త్వరగా, సుమారు వారం నుంచి పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి విరామం ఐదు నుంచి ఏడు రోజులకు మించకూడదు, కనీసం నాలుగు వారాలు కొనసాగాలి. క్వారంటైన్ ట్యాంకును 26, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంచితే ఈ లెక్క తప్పదు. వేడి 24కి పడిపోయే గదిలో ఒకటి రెండు వారాలు కలుపుకోండి.

రెండు డిప్‌లు చేసి గిన్నెలో ఏమీ రాలకపోయేసరికి మానేయడమే చాలా చికిత్సలు విఫలమయ్యే చోటు. ఖాళీ గిన్నె చెప్పేది ఆ రోజు తిరిగే పురుగు లేదని మాత్రమే.

ట్యాంకు మొత్తానికీ మందు వేయాలా?

పగడాలు రాతికి అతుక్కుపోయి, ఒక్కొక్కటీ బయటికి తీయడం సాధ్యం కానప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. జవాబు శత్రువును బట్టి మారుతుంది.

రెడ్ బగ్స్‌కు అవును, ఇది పనిచేస్తుంది. కుక్కలకు గుండె పురుగు రాకుండా ఇచ్చే మిల్బెమైసిన్ ఆక్సిమ్ అనే మందు కోపిపాడ్‌లను చంపి, పగడాలను, చేపలను, నత్తలను వదిలేస్తుంది. ఇంటర్‌సెప్టర్ అనే పేరుతో పగడాలు పెంచేవారికి ఇది బాగా పరిచయం. స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం), కార్బన్ ఫిల్టర్ ఆపి, మందును ఆరు గంటల పాటు నీటిలో ఉంచి, తర్వాత నీటి మార్పిడి చేసి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టడం, వారం విరామంతో మూడుసార్లు ఇదే చేయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఇందులో మూడు హెచ్చరికలు ఉన్నాయి. మొదటిది, ఇదే పేరుతో ఇంకా కొన్ని మందులు కలిసిన మాత్రలు కూడా వస్తాయి: ఇంటర్‌సెప్టర్ ప్లస్‌లో ప్రాజిక్వాంటెల్ ఉంటుంది, సెంటినెల్‌లో లుఫెన్యూరాన్ ఉంటుంది. ట్యాంకుకు కావలసింది మిల్బెమైసిన్ ఒక్కటే ఉన్న మాత్ర. రెండోది, మాత్ర పశువైద్యుడి చీటీతో తీసుకోవాలి, కొలత నీటి పరిమాణాన్ని బట్టి ఆయనతో కలిసి లెక్కించుకోవాలి. మూడోది అన్నిటికంటే పెద్దది: రొయ్యలు, పీతలు, ట్యాంకులోని కోపిపాడ్లు, యాంఫిపాడ్లు అన్నీ చస్తాయి. రొయ్యలను, పీతలను ముందే వేరే ట్యాంకుకు మార్చాలి. కోపిపాడ్లనే తిని బతికే మాండరిన్ చేప ఉంటే దాన్ని కూడా మార్చాలి, లేకపోతే మందు తర్వాత అది ఆకలితో చస్తుంది.

నిజానికి ట్యాంకులో ఉన్న అక్రోపోరా ముక్కలు కొన్నే అయి, తీయగలిగేలా ఉంటే రెడ్ బగ్స్‌కు కూడా ట్యాంకు మందు వద్దు, డిప్ చాలు. వందల రకాల చిన్న జీవులు కలిసి నిలబెట్టిన ట్యాంకును ఒక అర మిల్లీమీటరు జీవి కోసం ఖాళీ చేయడం, మరో దారి లేనప్పుడే సమంజసం.

అక్రోపోరా చదును పురుగుకు ట్యాంకు మందు నేను సలహా ఇవ్వను. తిరిగే పురుగులు తగ్గినా గుడ్లు మిగులుతాయి, మళ్లీ మొదటికి వస్తుంది. ఎర్రని తుప్పు రంగులో గాజు మీద, రాళ్ల మీద గుంపులుగా పరుచుకునే చదును పురుగులు వేరు. అవి పగడాన్ని తినవు, మీద పరుచుకుని వెలుతురు అడ్డుకుంటాయి. వాటికి ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్ వంటి మందు ట్యాంకులోనే వాడతారు. అయితే అవి చచ్చేటప్పుడు విషం విడుదల చేస్తాయి. ముందు సైఫన్‌తో వీలైనన్ని పీల్చి తీసేసి, కార్బన్, నీటి మార్పిడికి కావలసిన ఉప్పునీరు సిద్ధంగా పెట్టుకుని, ఆ తర్వాతే మందు వేయాలి. ఈ వరస తప్పితే మందు వల్ల కాదు, చచ్చిన పురుగుల వల్లే చేపలు పోతాయి.

మందు లేకుండా మొత్తం ట్యాంకును శుభ్రం చేసే మార్గం ఇంకొకటి ఉంది, అది నాకు చాలా ఇష్టం. రెడ్ బగ్స్, అక్రోపోరా చదును పురుగు అక్రోపోరా మీదే బతుకుతాయి; మాంటిపోరా న్యూడిబ్రాంక్ మాంటిపోరా లేకుండా నిలబడదు. ఆ జాతి పగడాలన్నిటినీ వేరే ట్యాంకుకు మార్చి అక్కడ డిప్‌లు కొనసాగిస్తే, ప్రధాన ట్యాంకులో పొదిగిన పిల్లలకు తిండి దొరక్క అవే పోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పడితే చాలు. మిగతా జాతుల పగడాలు, చేపలు, రొయ్యలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఇందులో ఒకటే షరతు: ఆ జాతి ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు. రాతికి పరుచుకున్న మొదలు చిన్న పొరంత మిగిలినా దాన్ని గీకేయాలి, లేదా ఎపాక్సీ పుట్టీతో పూర్తిగా కప్పేయాలి. రెండో ట్యాంకుకు చోటు, లైటు ఉన్నవారికి చదును పురుగు విషయంలో నా మొదటి సలహా ఇదే, కోతతో కలిపి.

చేపలు, రొయ్యలు

ఆరు చారల రాస్, హాలికోరిస్ జాతి రాస్ చేపలు రోజంతా కొమ్మల మధ్య వెతుకుతూ చిన్న పురుగులను ఏరుకుని తింటాయి. పెప్పర్‌మింట్ రొయ్యలు కొన్ని చదును పురుగులతో పాటు గుడ్లను కూడా తింటాయి. ఆ గుణం మరే మందుకూ లేదు. వినడానికి ఇదే అందరికీ నచ్చే మార్గం. అయినా ఇది పురుగుల సంఖ్యను అదుపులో ఉంచుతుందే గానీ, పూర్తిగా లేకుండా చేయదు. చేప ముక్కు చేరని సందు ఎప్పుడూ ఒకటి ఉంటుంది, రాత్రి తిరిగే న్యూడిబ్రాంక్‌కు పగలు తిరిగే రాస్ ఎదురుపడదు. రొయ్య ఆకలేసినప్పుడు పాలిప్‌లను కూడా గిల్లవచ్చు.

ఆరు చారల రాస్‌ను ముందుగా వదిలితే తర్వాత వచ్చే చిన్న చేపలను వెంటాడుతుంది. దాన్ని చివర్లో చేర్చడం మేలు. హాలికోరిస్ రాస్ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, అడుగున ఇసుక లేని ట్యాంకులో దాన్ని ఉంచడం అన్యాయం. చికిత్స పూర్తయ్యాక కాపలాగా రాస్‌ను ఉంచుకోవడం మంచి పని. ఇప్పటికే తెల్లబడుతున్న పగడం ముందు దాన్నొక్కదాన్నే నిలబెట్టి ఎదురుచూడటం మాత్రం పగడాన్ని వదులుకోవడమే.

యూఫిల్లియా జిగురు, జోయాంథస్

యూఫిల్లియాలో ఒక తల (కొమ్మ చివరి పాలిప్) మీద గోధుమ రంగు జిగురు తేలితే వారాల ప్రణాళికకు సమయం లేదు. ఆ జిగురు నిండా ఫిలాస్టర్ వంటి సీలియేట్‌లు (కంటికి కనిపించని ఏకకణ జీవులు) ఉంటాయి, పగడం కణజాలాన్ని తింటూ దాని శైవలాలను మింగుతూ ఉంటాయి. వాటితో పాటు బ్యాక్టీరియా కూడా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పక్క తలకు పాకుతుంది. ముందు పంపులన్నీ ఆపాలి, లేకపోతే జిగురు నీటిలో చెదిరి ఇతర పగడాల మీద పడుతుంది. సైఫన్‌తో మెల్లగా పీల్చి, పగడాన్ని బయటికి తీసి, కొమ్మల రకమైతే పట్టిన తలను ఆరోగ్యమైన భాగానికి దూరంగా ఎముక మీద కోసేయాలి. మిగిలినదానికి అయోడిన్ డిప్ ఇచ్చి వేరే ట్యాంకులో ఉంచాలి. మామూలు పురుగుల డిప్ ఇక్కడ ఉపయోగపడదు. కొందరు సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడి పగడాలను నిలుపుకున్నారు. కానీ దాన్ని ప్రధాన ట్యాంకులో ఎప్పుడూ వేయకూడదు, పశువైద్యుడి సలహా లేకుండా మొదలుపెట్టకూడదు. గోడలా ఒకే ముక్కగా పెరిగే యూఫిల్లియాకు కోత కష్టం కనుక అక్కడ ఆశ తక్కువే.

జోయాంథస్‌కు పట్టేవి తీయడం తేలిక. న్యూడిబ్రాంక్‌లు, సముద్రపు సాలీళ్లు, సన్‌డయల్ నత్తలు అన్నీ ట్వీజర్లతో ఏరగలిగేంత పెద్దవి. చుట్టలుగా కనిపించే గుడ్లను గీకేసి, మొక్కల సారం డిప్ వారం వారం మూడు నాలుగు సార్లు ఇస్తే చాలు. కానీ ఇక్కడ ప్రమాదం పగడానికి కాదు, మనకే. జోయాంథస్, ముఖ్యంగా పాలీథోవా జాతుల్లో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. గీకేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. చేతిపై గాయం ఉంటే ఆ రోజు పని వాయిదా వేయండి. ఈ పగడాలు ఉన్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీటిలో ఉడకబెట్టడం, ఆవిరి తగిలేలా కడగడం ఎప్పుడూ చేయకూడదు. ఆ ఆవిరి పీల్చి ఇంట్లో వారంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదిలేయాలి

చర్మం మూడింట రెండు వంతులు పోయిన అక్రోపోరాను మొత్తంగా బతికించే ప్రయత్నం నేను సమర్థించను. చివర్లో ఆరోగ్యంగా ఉన్న రెండు కొమ్మలను కోసి, వాటిని డిప్ చేసి, మిగిలినదాన్ని తీసేయడం మేలు. తీసేయకుండా మిగిల్చిన పెద్ద అస్థిపంజరమే గుడ్లకు నిలయమవుతుంది. అలాగే, ట్యాంకులో ఒకే ఒక పగడానికి పురుగు పట్టి, అది సులువుగా మళ్లీ దొరికే రకమైతే, ట్యాంకంతటినీ చికిత్సలో పెట్టడం కంటే ఆ ఒక్కదాన్నీ తీసేయడమే తెలివైన నిర్ణయం.

కొత్తగా తెచ్చిన ప్రతి ముక్కకూ, అది ఎవరి దగ్గర నుంచి వచ్చినా, ఎంత అందంగా ఉన్నా, పాత ప్లగ్ పారేసి, డిప్ చేసి, వేరే ట్యాంకులో ఆరు వారాలు ఉంచండి. ఆ ట్యాంకుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. చిన్న గాజు తొట్టి, హీటరు, ఒక పంపు, సరిపడే లైటు చాలు. కొమ్మల అడుగు కనిపించేలా ముక్కలను జాలీ మీద పైకెత్తి ఉంచండి, అడుగున ఇసుక వేయకండి.

చికిత్స ముగిసిందని తేల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఇది: లెక్కించిన వారాలు పూర్తి కావాలి, చివరి రెండు డిప్‌లలో తెల్లని గిన్నె ఖాళీగా ఉండాలి, భూతద్దంతో చూస్తే ఎముక మీద కొత్త గుడ్లు లేకపోవాలి, పాత కాట్ల మీదికి చర్మం మళ్లీ పెరుగుతూ కనిపించాలి. వీటిలో ఒక్కటి తక్కువైనా ఇంకో వారం డిప్, ఇంకో వారం క్వారంటైన్.